పేషెంట్లే పేషెంట్లను పంపే పళ్ల క్లినిక్: గోదావరి డెల్టా ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

పాలకొల్లు, రాజోలు, తణుకు, మండపేట లాంటి ఊళ్లలో ఒకటో రెండో కుర్చీలతో నడిచే పళ్ల క్లినిక్‌కు బోర్డు చూసి వచ్చేవాళ్లు తక్కువ. పక్కింటివాళ్లు చెప్పి, వియ్యాలవారు చెప్పి, చెరువు మీద పనిచేసే మేస్త్రి చెప్పి వస్తారు. అదీ చాలావరకు పన్ను పోటు ఓర్చుకోలేని స్థితికి వచ్చాకే. అందుకని ఇక్కడి క్లినిక్ ముందు పనులు రెండు. వచ్చినవాళ్లు ఇంటికెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పేలా వైద్యం సాగాలి. ఆ మాట విని వచ్చేవాళ్లు పోటు మొదలవకముందే రావాలి. రెండోది జరగకపోతే క్లినిక్ ఎంత కిటకిటలాడినా ఆ ఊళ్లో పళ్లు పీకించుకునేవాళ్ల సంఖ్య తగ్గదు.

కింద చెప్పినవి డాక్టరుకు, అసిస్టెంటుకు, ముందు గదిలో కూర్చునే అమ్మాయికి, ముగ్గురికీ. వరుస మార్చకుండా చేయండి. మరొకరికి చెప్పమని పేషెంటును అడగడమనేది ఆరో అడుగులో వస్తుంది. ముందున్న అయిదూ కుదరకుండా అడిగితే ఫలితం ఉండదు.

మొదటి అడుగు: కమిషన్ తలుపు మూసేయండి

పల్లెల్లో ఆర్‌ఎంపీలు, మందుల షాపులవాళ్లు పేషెంటును పంపితే బిల్లులో ఇంత శాతం అని అడిగే అలవాటు చాలా చోట్ల ఉంది. పేషెంటును పంపినందుకు డబ్బు గానీ బహుమతి గానీ ఇవ్వడం, పుచ్చుకోవడం డెంటల్ కౌన్సిల్ పెట్టిన పళ్ల డాక్టర్ల నైతిక నియమావళి ప్రకారం తప్పు. 2014 నాటి సవరించిన నియమావళిలో ఇది ఉంది. పేషెంట్ల కోసం ఎదురెళ్లి గాలం వేయడం కూడా అదే నియమావళిలో తప్పే. కాబట్టి ‘ఒకరిని పంపండి, మీ క్లీనింగ్‌లో తగ్గింపు ఇస్తాం’ లాంటి పథకాల జోలికి వెళ్లకండి.

చట్టం సంగతి అలా ఉంచినా, కమిషన్ వైద్యాన్ని చెడగొడుతుంది. ఆ డబ్బు చివరికి పేషెంటు బిల్లులోనే కలుస్తుంది. దాన్ని పూడ్చుకోవడానికి ఫిల్లింగ్‌తో పోయేదానికి రూట్ కెనాల్, రూట్ కెనాల్‌తో సరిపోయేదానికి ఇంకో రెండు క్యాపులు చేరతాయి. ఊళ్లో ఇద్దరు తమ బిల్లులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్న రోజు క్లినిక్ పేరు పోతుంది.

అలాగని ఆర్‌ఎంపీలను దూరం పెట్టక్కర్లేదు. పన్ను పోటు వచ్చినవాడు ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే. కమిషన్‌కు బదులు వాళ్లకు రెండు పనులు చేసిపెట్టండి. ఒకటి, పంపిన పేషెంటుకు ఏం చేయబోతున్నారో, వాడుతున్న మందుల్లో వేటిని జాగ్రత్తగా చూసుకోవాలో రెండు ముక్కలు రాసి, పేషెంటు ఒప్పుకుంటేనే, అతని చేతికే ఇచ్చి పంపండి. రెండు, ‘వీళ్లను ఆ రోజే పంపండి’ అని ఒక చిన్న జాబితా ఇవ్వండి:

- దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం
- నాలుక పైకి లేచినట్టుండి మింగలేకపోవడం, ఊపిరి ఆడనట్టుండడం (వీళ్లు క్లినిక్‌కు కాదు, నేరుగా పెద్దాసుపత్రికి)
- రెండు వారాలు దాటినా మానని నోటి పుండు
- దెబ్బ తగిలి ఊడిపోయిన పన్ను

పోటు వచ్చినప్పుడల్లా నొప్పి బిళ్లలు, యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తే పోటు తగ్గుతుంది గానీ పన్ను లోపలి చీము అక్కడే ఉంటుంది. మూడు నాలుగు సార్లు అలా అణిచాక ఒకరోజు దవడ వాచి వస్తారు. ఈ మాట ఆర్‌ఎంపీకి ఒక్కసారి ఓపిగ్గా వివరిస్తే చాలామంది అర్థం చేసుకుంటారు.

రెండో అడుగు: ఒక పుస్తకం, అయిదు గడులు

పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. పొడుగాటి లెడ్జర్‌లో అయిదు గడులు గీయండి: పేరు, ఊరు, ఎవరు చెప్పారు, ఏ బాధతో వచ్చారు, ఆ బాధ ఎన్ని రోజులుగా ఉంది. ఫోన్ నంబరు పేరు కిందే.

‘ఎవరు చెప్పారు’ అన్న ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. ‘రిఫరెన్స్ ఎవరు?’ అంటే ఎవరి సిఫారసు తెచ్చుకోవాలో అని కంగారు పడతారు. ‘మన క్లినిక్ గురించి మీకు ఎవరైనా చెప్పారాండీ, ఇటు వెళ్తూ చూసి వచ్చారా?’ అంటే చాలు. ‘మా పిన్ని గారి కోడలండి, రావులపాలెంలో ఉంటారు’ అంటారు. అది అలాగే రాయండి. పేరు తెలియకపోతే బంధుత్వం, ఊరు రాసినా పనికొస్తుంది. ఎవరూ చెప్పలేదంటే ‘బోర్డు’ అని రాయండి.

అయిదో గడిని చాలామంది వదిలేస్తారు. వదలకండి. ‘ఎన్ని రోజులుగా’ అన్న అంకే మీ ఊళ్లో నోటి ఆరోగ్యం ఏ దిక్కుకు పోతోందో చెప్పేది.

మూడో అడుగు: నొప్పి లేకుండా చేయడం

పళ్ల డాక్టరు గురించి ఊళ్లో మొదట అడిగే మాట ‘నొప్పి పెట్టారా?’ అని. మిగతావన్నీ దాని తర్వాతే. మత్తు ఇంజక్షన్ విషయంలో తొందరపాటు వల్ల మళ్లీ రాకుండా పోయే పేషెంట్లు, ఫీజు ఎక్కువై మానేసేవాళ్లకంటే ఎక్కువ.

చిగురును దూదితో తుడిచి ఆరబెట్టి, మత్తు జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తడి మీద రాసిన జెల్ లాలాజలంతో పోతుంది, ఆ తర్వాత సూది గుచ్చుకున్నట్టే ఉంటుంది. మందు మెల్లగా ఎక్కించండి. ఒక మిల్లీలీటరుకు ఒక నిమిషం పట్టాలి. గబగబా నొక్కితే మందు కండను సాగదీస్తుంది, నొప్పి దానివల్లే. కింది దవడ బ్లాక్ (దవడ నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజక్షన్) ఇచ్చాక పెదవి మొద్దుబారిందని వెంటనే మొదలుపెట్టకండి. పన్ను మీద చల్లటి స్ప్రే దూదితో పెట్టి చూసి, జివ్వుమనకపోతేనే డ్రిల్ తీయండి.

రాత్రంతా నిద్ర లేకుండా వచ్చిన కింది దవడ పన్ను అన్నిటికంటే మొండిది. లోపలి నరం వాచి ఉన్నప్పుడు మామూలు బ్లాక్ చాలాసార్లు పూర్తిగా పట్టదు. ఈ మాట పేషెంటుకు ముందే చెప్పండి: ‘ఈ పన్ను బాగా వాచిపోయి ఉందండి, ఒక ఇంజక్షన్‌తో మత్తు ఎక్కకపోవచ్చు. ఏమాత్రం తెలిసినా ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాం.’ చెయ్యి ఎత్తితే నిజంగా ఆపాలి. ఒక్కసారి ఆపి చూపిస్తే మిగతా పనంతా పేషెంటు బిగుసుకోకుండా చేయించుకుంటాడు. ‘అయిపోయింది, అయిపోయింది’ అంటూ సాగదీస్తే మళ్లీ రాడు.

పనిముట్లు శుభ్రంగా ఉన్నాయని చెప్పడం కాదు, చూపించాలి. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర కవరులో పెట్టినవాటికి 30 నిమిషాలు ఇచ్చి, కవరు మీద రంగు మారిన గుర్తును పేషెంటుకు చూపించి, ఆయన కళ్ల ముందే చించండి. నీళ్లలో మరగబెట్టడం స్టెరిలైజేషన్ కాదు. రంగు మారిన గుర్తు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, లోపల క్రిములు చచ్చాయో లేదో తెలియాలంటే స్పోర్ పరీక్ష (మొండి క్రిములను లోపల పెట్టి, అవి చచ్చాయో లేదో చూడడం) వారానికొకసారి చేయాలి.

నాలుగో అడుగు: ఖర్చు, సిట్టింగులు కాగితం మీద

నోటితో చెప్పిన ఖర్చు ఇంటికెళ్లేసరికి మారిపోతుంది. ‘మూడు వేలన్నారు, అయిదు తీసుకున్నారు’ అన్న మాట పుట్టేది అక్కడే, రూట్ కెనాల్ ధరలో క్యాప్ కలిసుందో లేదో చెప్పకపోవడం వల్ల. ఒక కాగితం మీద తెలుగులో నాలుగు లైన్లు రాసివ్వండి: ఏ పన్ను, ఏం చేస్తారు, ఎన్నిసార్లు రావాలి, మొత్తం ఎంత. క్యాప్ వేరే అయితే వేరే లైనులో. ఇంకో దారి ఉంటే అది కూడా రాయండి, పీకించుకోవడంతో సహా, దానివల్ల వచ్చే నష్టంతో సహా. క్యాపో ఫిల్లింగో ఊడితే ఎంతకాలం వరకు డబ్బు తీసుకోకుండా మళ్లీ పెడతారో మీరే నిర్ణయించుకుని ఆ కాగితం మీదే రాయండి. ఊడినప్పుడు వాదన లేకుండా పెట్టించుకుని వెళ్లినాయన ఆ సంగతి పదిమందికి చెబుతాడు.

ఖర్చు భరించలేనివాళ్లను ఊరికే వెనక్కి పంపకండి. భీమవరం, రాజమహేంద్రవరం, అమలాపురాల్లో డెంటల్ కాలేజీలున్నాయి. ఎక్స్‌రే చేతికిచ్చి, ఏం చేయించుకోవాలో చీటీ రాసి అక్కడికి పంపండి. ఆ మనిషి మీకు రూపాయి ఇవ్వకపోయినా మిమ్మల్ని గుర్తు పెట్టుకుంటాడు.

సిట్టింగులు ఊరిని బట్టి వేయాలి. ఇక్కడ నాలుగు రకాలవాళ్లను వేరుగా చూసుకోవాలి.

లంక గ్రామాలవాళ్లు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి, ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని వస్తారు. వాళ్లకు పొద్దుటి అపాయింట్‌మెంటే ఇచ్చి, వీలైనంత పని ఒకే రోజు పూర్తి చేయండి. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగే రోజుల్లో వాళ్లకు సగంలో ఉండే పని మొదలుపెట్టకండి. తాత్కాలిక ఫిల్లింగ్‌తో ఇంటికెళ్లి వరద తగ్గేదాకా రాలేకపోతే ఆ సిమెంటు అరిగి, లోపలికి మళ్లీ క్రిములు చేరతాయి.

కువైట్, ఖతర్, దుబాయ్‌ల నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకుని వస్తారు. మొదటి రోజే తేదీ అడిగి, విమానం ఎక్కడానికి కనీసం వారం ముందు అంతా ముగిసేలా లెక్క వేయండి. ఆ చివరి వారంలో జ్ఞానదంతం తీయొద్దు, అక్కడికెళ్లాక నొప్పి వస్తే చూసే దిక్కుండదు. వాళ్ల ఎక్స్‌రేలు, బిల్లు వాట్సాప్‌లో పంపించండి. అక్కడి కార్మికుల క్యాంపు గదిలో పదిమంది ఉంటారు, అందరిదీ పక్కపక్క ఊళ్లే, మాట పాకుతుంది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకూ ఇంతే. పైగా పండక్కి చెక్కలు, జంతికలు, పాకం గట్టిపడ్డ అరిసెలు తింటారు. భోగికి ముందు వారంలో తాత్కాలిక క్యాపుతో ఎవరినీ వదలకండి, తప్పదంటే రెండో వైపు నమలమని రాసివ్వండి.

రొయ్యల చెరువుల మీద, రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్లు పగలు రాలేరు. వారానికి రెండు సాయంత్రాలు ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంచితే చాలు.

అయిదో అడుగు: ఇంటికి పంపే చీటీ, ఆ సాయంత్రం ఫోను

పన్ను తీసిన రోజు మనిషి మత్తులో, కంగారులో ఉంటాడు. నోటితో చెప్పిన జాగ్రత్తల్లో సగం గుమ్మం దాటేలోపే పోతాయి. పెద్ద అక్షరాలతో చీటీ అచ్చు వేయించండి, వెంట వచ్చినవాళ్లకు ఇవ్వండి.

పన్ను తీశాక: దూది 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోవాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. పెరుగన్నం లాంటివి చల్లగా, రెండో వైపు నుంచి తినాలి. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు నాలుగైదు సార్లు మెల్లగా పుక్కిలించాలి. చుట్ట, బీడీ, సిగరెట్ కనీసం మూడు రోజులు వద్దు. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి మందు. ఉమ్మినా, పొగ పీల్చినా అది ఊడిపోయి ఎముక బయటపడుతుంది. అప్పుడు రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య చెవిలోకి లాగే నొప్పి, నోటి వాసన మొదలవుతాయి. అలా అయితే యాంటీబయాటిక్ కొనుక్కోకుండా క్లినిక్‌కే రావాలి, గుంట కడిగి మందు పెడితే తగ్గుతుంది.

మత్తు రెండు నుంచి నాలుగు గంటలుంటుంది. పిల్లలు మొద్దుబారిన పెదవి కొరుక్కుంటారు, పొద్దున్నే వాచిపోయి ఉంటుంది. తల్లికి ముందే చెబితే ‘ఇంజక్షన్ వికటించింది’ అన్న మాట పుట్టదు.

క్లీనింగ్ తర్వాత కొద్ది రోజులు చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటాయి. పళ్ల మధ్య సందులు వచ్చినట్టు కూడా ఉంటుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయన్న నమ్మకం పుట్టింది ఇక్కడే. నిజానికి పళ్లకు పట్టిన గట్టి గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, ఆ గారే పళ్లను అంటిపెట్టుకుని కదలకుండా కనిపించేలా చేస్తుంది. గార పోయాక అసలు సంగతి బయటపడుతుంది. ఇది క్లీనింగ్‌కు ముందు అద్దంలో చూపిస్తూ చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

సాయంత్రం ఏడు ప్రాంతంలో, పన్ను తీసినవాళ్లకు, రూట్ కెనాల్ మొదలుపెట్టినవాళ్లకు ఫోను చేయండి. ‘నమస్కారమండి, పళ్ల క్లినిక్ నుంచి. రక్తం ఆగిందాండీ? మాత్ర వేసుకున్నారా? భోజనం చేశారా?’ ఇంతే, నిమిషం పని. ఈ ఫోనులో ఇంకేమీ అడగకూడదు, ఇంకొకరిని పంపమని అసలు అనకూడదు. కన్సల్టేషన్ గదిలో గంటసేపు చెప్పినదానికంటే ఈ నిమిషం ఎక్కువ పనిచేస్తుందని గట్టిగా చెప్పొచ్చు. చేయలేని రోజులుంటాయనిపిస్తే పన్ను తీసినవాళ్లకైనా తప్పకుండా చేయండి.

ఆరో అడుగు: అడగడం

అడిగే సమయం ఒక్కటే: పని పూర్తయి, నొప్పి పోయి, చివరి చూపుకు వచ్చిన రోజు. మొదటి రోజు అడగకూడదు. డబ్బు కట్టేటప్పుడు అడగకూడదు. వాపుతో, అసంతృప్తితో ఉన్నవాళ్లను అడగకూడదు.

అడిగే మాట క్లినిక్ గురించి ఉండకూడదు, బాధ గురించి ఉండాలి. ‘మా గురించి నలుగురికి చెప్పండి’ అంటే అది ఎదురెళ్లి పిలిచినట్టే అవుతుంది, వినేవాళ్లకూ మొహమాటం. ఇలా అనండి: ‘మీ పన్నుకు ఇంత పని పట్టడానికి కారణం రెండేళ్ల నుంచి వదిలేయడమేనండి. మీ ఇంట్లో ఎవరికైనా బ్రష్ చేస్తుంటే రక్తం వస్తున్నా, పన్నులో నల్లటి మచ్చ కనిపిస్తున్నా పోటు వచ్చేదాకా ఆగొద్దని చెప్పండి. ఇక్కడికే రావాలని లేదు, దగ్గర్లో ఎక్కడైనా చూపించుకోమనండి.’ చివరి వాక్యం మనస్ఫూర్తిగా అనాలి. వాళ్లు భీమవరం వెళ్లి చూపించుకున్నా పన్ను నిలబడితే మంచిదే.

పెద్దవాళ్లతో ‘బాబాయ్ గారూ, పిన్ని గారూ’ అని మాట్లాడే అలవాటున్న ఊళ్లలో రిసెప్షన్ అమ్మాయి చెప్పినా సరిపోతుంది. కాకపోతే డాక్టరే చెబితే బరువుంటుంది.

చేతికి ఒక చిన్న కార్డు ఇవ్వండి. ముందువైపు పేరు, ఫోను, పనివేళలు. వెనకవైపు తెలుగులో అయిదు గుర్తులు: చిగుళ్ల నుంచి రక్తం, చల్లటివాటికి జివ్వుమనడం, పన్నులో నల్లటి గుంట, రెండు వారాలకు మానని పుండు, నోరు మూడు వేళ్లంత తెరుచుకోకపోవడం. ధరలు, తగ్గింపులు, పేషెంట్ల పొగడ్తలు అందులో వద్దు. గూగుల్‌లో రాసేవాళ్లు వాళ్లంతట వాళ్లే రాస్తారు. డబ్బిచ్చి రాయించకండి, సిబ్బంది చేత రాయించకండి. ఎవరైనా కోపంగా రాస్తే వాళ్లకు చేసిన వైద్యం వివరాలు బయటపెట్టకుండా, ‘మీరు ఒకసారి రండి, చూస్తాం’ అని మాత్రమే జవాబు రాయండి.

పంపినవాళ్లకు కృతజ్ఞత చెప్పాలి గానీ వస్తువు ఇవ్వకూడదు. స్వీట్ బాక్సు కూడా వద్దు. ఆయన ఈసారి వచ్చినప్పుడు ‘మా మీద నమ్మకంతో పంపించారు, సంతోషమండి’ అంటే చాలు. అదీ, వచ్చినాయన తన పేరు చెప్పడానికి అభ్యంతరం లేదన్నప్పుడే. ‘మీ బావగారికి పళ్లన్నీ పోయాయండి పాపం’ లాంటి మాట ఎంత చనువున్నా నోట్లోంచి రాకూడదు. బంధువుల మధ్య ఇలాంటి మాట ఒక పెళ్లి సంబంధం దాకా వెళ్లగలదు.

ఏడో అడుగు: పళ్లు నిలబెట్టే నాలుగు మాటలు నేర్పడం

కుర్చీలో ఉన్న మనిషికి పది సలహాలు ఇస్తే ఒక్కటీ నిలవదు. ఆ మనిషికి ఏది పనికొస్తుందో అదొక్కటే చెప్పండి, బ్రష్ చేతికిచ్చి చేయించి చూడండి.

బ్రషింగ్. మెత్తటి బ్రష్, రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలు. రెండింటిలో రాత్రి పడుకునే ముందుదే ముఖ్యం, మన ఇళ్లలో తప్పిపోయేదీ అదే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పళ్ల మీద మిగిలినదాన్ని కడిగేదేదీ ఉండదు. బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీలు వాల్చి చిన్న చిన్న కదలికలతో తిప్పాలి. కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్లపొడి వాడేవాళ్ల పళ్లకు చిగురు దగ్గర గాడి పడి ఉంటుంది. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దేవాళ్లకూ అంతే. వేప పుల్లను తిట్టకండి, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. పొద్దున పుల్ల వేసుకోండి, రాత్రి మాత్రం పేస్టుతో బ్రష్ చేయండి అంటే ఒప్పుకుంటారు.

పేస్టు. ఫ్లోరైడ్ ఉన్నదే తీసుకోవాలి, మన దేశంలో మామూలు పేస్టుల్లో 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) వరకు ఉంటుంది. ట్యూబు మీద ఆ మాట ఉందో లేదో చూపించి చదివించండి, కొన్ని మూలికల పేస్టుల్లో ఉండదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు బఠాణీ గింజంత. అయ్యాక ఉమ్మేయాలి, నీళ్లు పోసి పుక్కిలిస్తే పళ్ల మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కాస్తా పోతుంది. డెల్టాలో కాలవ నీళ్ల మీద, చెరువు నీళ్ల మీద, ఈమధ్య డబ్బాల్లో వచ్చే ఆర్‌ఓ నీళ్ల మీద బతుకుతున్నాం. ఆర్‌ఓలో ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. అందుకే ఇక్కడ పేస్టే ఆధారం.

తీపి. ఆత్రేయపురం పూతరేకు, తాపేశ్వరం కాజా తినొద్దని ఈ నేల మీద ఎవరూ చెప్పలేరు, చెప్పక్కర్లేదు కూడా. ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో పులుపు పుట్టి, అది తగ్గడానికి అరగంట పైనే పడుతుంది. భోజనంతో పాటు రెండు కాజాలు తినేస్తే ఒకసారితో పోయింది. అవే రెండు కాజాలు మధ్యాహ్నమంతా కొద్దికొద్దిగా కొరికితే పంటికి ఊపిరి సలపదు. చెరువుల కాపలాకు రాత్రంతా మేలుకుని పంచదార టీ గుక్కగుక్కగా తాగేవాళ్లకు, పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టే పసిపిల్లల తల్లులకు ఇదే వివరించండి.

పిల్లలు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. దాని కోసం పాలపన్ను ఏదీ ఊడదు కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సింది. ఆరు, ఏడేళ్లకు ఒకసారి, పన్నెండు, పదమూడేళ్లకు ఒకసారి దవడ పళ్ల గాడులకు సీలెంట్ (గాడులను మూసే పూత) వేయిస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది. పుచ్చు ఎక్కువున్న పిల్లలకు మూడు నుంచి ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్ల మీద పూసే మందు).

పొగాకు. లంక పొగాకు పండే నేల ఇది, చుట్ట ఇంకా ఉంది, ఖైనీ, గుట్కా దానికి తోడయ్యాయి. ప్రతి పెద్దమనిషి నోట్లోనూ బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూడండి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉత్తర కోస్తాలో ఎక్కువ. అటు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లుంటే అంగిలిని ప్రత్యేకంగా పరిశీలించాలి. తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ, నోరు బిగుసుకోవడం గానీ కనిపిస్తే భయపెట్టకుండా, ఆలస్యం చేయకుండా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసేచోటికి పంపండి. పుండు మీద అదే పనిగా జెల్ రాయించి నెలలు గడపడం ప్రాణాల మీదికి తెస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది, చిగుళ్లు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఎంతో అడిగి రాసుకోండి. అపాయింట్‌మెంటు పొద్దున్నే, టిఫిన్ చేసి మందు వేసుకున్నాక. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు పన్ను కోసం తమంతట తాము ఆపేయకూడదు, గుండె డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా.

గర్భిణులు పళ్లకు చూపించుకోకూడదనేది అపోహ. నాలుగు నుంచి ఆరో నెల వరకు అన్నిటికీ వీలు, పోటు, వాపు ఉంటే ఏ నెలైనా ఆగకూడదు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకుండా, గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా వేసి పుక్కిలించమనండి. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయాన్ని మాత్రం ప్రతిసారీ, అడగకపోయినా తీర్చండి. అది లోపల పెట్టుకునే చాలామంది వాయిదా వేస్తారు.

ఎనిమిదో అడుగు: మళ్లీ పిలవడం

పని అయిపోయిందని పంపేస్తే మళ్లీ పోటుతోనే కనిపిస్తారు. మామూలువాళ్లకు ఆరు నెలలకు, చిగుళ్ల జబ్బు, షుగర్, పొగాకు ఉన్నవాళ్లకు మూడు నెలలకు తేదీ వేయండి. మెసేజ్ పంపడానికి మొదటి రోజే అనుమతి తీసుకుని పుస్తకంలో టిక్కు పెట్టుకోండి. వద్దన్నవాళ్లకు పంపకూడదు. పండుగ శుభాకాంక్షల పోస్టర్లు వారానికొకటి పంపే క్లినిక్ నంబరును జనం మ్యూట్ చేస్తారు, అసలు మెసేజ్ అందులో పోతుంది. నాట్లు, కోతలు, పట్టుబడి రోజుల్లో రైతులు రారు, ఆ వారాలు వదిలి తేదీ వేయండి.

తొమ్మిదో అడుగు: బడి

మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినం. ఆ రోజున చేయొచ్చు గానీ పరీక్షల కాలం, హెడ్మాస్టర్లకు తీరిక ఉండదు. జులై లేదా నవంబరు మేలు. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందు. వెలుతురున్న వరండా, తలకు లైటు, పిల్లకొక శుభ్రమైన అద్దం, పిల్లకొక జత గ్లవ్స్. అద్దాలు చాలకపోతే మందిని తగ్గించండి, ఒకే అద్దం తుడిచి వాడకండి. బడిలో ఏ వైద్యమూ చేయొద్దు. చూసి, తల్లికి చీటీ పంపండి: ఏ పన్ను, ఎంత తొందరగా చూపించాలి, అంతే. క్లినిక్ పేరు పెద్దగా అచ్చేసిన పాంప్లెట్లు పంచితే అది శిబిరం కాదు, ప్రకటన. వచ్చే టీచర్లకూ ఆ తేడా తెలుస్తుంది.

టీచర్లకు, పీఈటీకి ఒక్క విషయం గట్టిగా నేర్పండి. ఆటలో దెబ్బ తగిలి శాశ్వత పన్ను ఊడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి అంటితే చల్లటి నీళ్లలో ఒక్క క్షణం కడిగి, అదే గుంటలో పెట్టి కొరికి పట్టుకోమనాలి. కుదరకపోతే పాలలో వేసి అరగంటలోగా తీసుకురావాలి. ఎండనివ్వకూడదు, గుడ్డతో రుద్దకూడదు. కోనసీమలో చేతికందేది కొబ్బరి బొండం కాబట్టి ఆ నీళ్లలో వేయాలనిపిస్తుంది, కానీ అందులో కాస్త పులుపు గుణం ఉంటుంది, పాలే మంచివి. పాలపన్ను ఊడితే మళ్లీ పెట్టకూడదు, కింద వచ్చే పన్ను దెబ్బతింటుంది.

నెలాఖరున పుస్తకం చదవడం

లెడ్జర్ తీసి మూడు లెక్కలు వేయండి. కొత్తవాళ్లలో ఎవరో చెబితే వచ్చినవాళ్లు ఎంతమంది. ఏ ఊరి నుంచి. పోటు లేకుండా చూపించుకోవడానికి వచ్చినవాళ్లు ఎంతమంది.

ఒక ఊరి నుంచి వరుసగా వస్తూ హఠాత్తుగా ఆగిపోతే, ఆ ఊరి నుంచి ఆఖరుగా వచ్చిన ముగ్గురికి ఫోను చేసి ఎలా ఉందో అడగండి. ఊడిన క్యాపో, అర్థంకాని బిల్లో, రిసెప్షన్‌లో విసుక్కున్న మాటో తప్పకుండా బయటపడుతుంది. పిలిచి సరిచేయండి. ఒకే మనిషి పేరు ‘ఎవరు చెప్పారు’ గడిలో లెక్కకు మించి కనిపిస్తుంటే, మీకు తెలియకుండా సిబ్బందిలో ఎవరైనా కమిషన్ మాట్లాడుకున్నారేమో చూడండి.

చెప్పగా వచ్చినవాళ్లు పెరిగి, అయిదో గడిలో ఇంకా ‘ఆరు నెలలుగా’, ‘ఏడాదిగా’ అనే రాస్తున్నారంటే మీ పేరు పాకింది గానీ మీరు నేర్పిన మాట పాకలేదు. అప్పుడు ఆరో అడుగుకు వెళ్లి, చివరి చూపు రోజున ఏం మాట్లాడుతున్నారో సరిచూసుకోండి. అసిస్టెంటును పక్కన కూర్చోబెట్టుకుని వారం రోజులు ఆ మాటలు రాయించుకోండి, అందులో పన్ను గురించి ఎంత ఉందో, క్లినిక్ గురించి ఎంత ఉందో కనిపిస్తుంది.